కంపెనీ స్టీరియోకి శాటిలైట్ రేడియో: ఏ కిట్ కొనాలి, ఏది కొంటే డబ్బు దండగ

అమెరికాలో పదిహేనేళ్ల నాటి క్యామ్రీయో అకార్డో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు సిరియస్ఎక్స్ఎం (సిరియస్, ఎక్స్ఎం అనే రెండు కంపెనీలు కలిసి ఏర్పడిన, చందా కట్టి వినే శాటిలైట్ రేడియో) మీద మనసు పడిందంటే, ముందు ఆర్డర్ పెట్టేది శాటిలైట్ సిగ్నల్ పట్టే పెట్టె అయిన ఎస్ఎక్స్‌వి300 ట్యూనర్‌నే. పెట్టె మీద వెహికల్ ట్యూనర్ అని ఉంటుంది, యాంటెన్నా దాంతోపాటే వస్తుంది, ధర 70 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. స్టీరియో ఊడదీసి చూశాక గానీ అసలు సంగతి తెలియదు. ఆ ట్యూనర్ వైరు పట్టే సాకెట్ కారుతో వచ్చిన స్టీరియోలో ఎక్కడా ఉండదు.

ఇది ట్యూనర్ తప్పు కాదు. పయనీర్, కెన్‌వుడ్, ఆల్పైన్, సోనీ లాంటి కంపెనీలు బయట అమ్మే స్టీరియోల్లో కొన్నింటి మీద ‘సిరియస్ఎక్స్ఎం రెడీ’ అని రాసి ఉంటుంది. ఎస్ఎక్స్‌వి300 వాటి కోసం చేసింది. దానికి సొంత బటన్లు లేవు, తెర లేదు, పాట బయటికి వచ్చే మామూలు ఆడియో జాక్ కూడా లేదు. చానల్ మార్చడం, పేరు చూపించడం, చివరికి ఆన్ చేయడం కూడా స్టీరియోయే చూసుకోవాలి. టొయోటా, హోండా స్టీరియోలకు ఆ భాష రాదు. మధ్యలో దుబాసీ లాంటి అడాప్టర్ ఒకటి ఉండాలి, లేదా సొంత తెర ఉన్న వేరే రకం రేడియో కొనాలి. ఈ సమీక్షంతా ఆ రెండు దారుల గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే, స్టీరియో మీద సాట్ (శాటిలైట్) బటన్ ఉన్న టొయోటా, లెక్సస్ అయితే ఎస్ఎక్స్‌వి300కి అడాప్టర్ జోడించడమే ఉత్తమం. ఆక్స్ జాక్ (బయటి పరికరం ఆడియో వైరు గుచ్చే రంధ్రం) ఉన్న ఏ కారుకైనా సొంత తెర ఉన్న ఓనిక్స్ ఈజీఆర్ రేడియో చాలు. ఆక్స్ లేకపోతే అదే ఓనిక్స్‌కి ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్ (ధ్వనిని తీగలోంచే స్టీరియో ఎఫ్ఎంకి అందించే పెట్టె) కలపాలి. వైరు లేకుండా ఎఫ్ఎం మీద వినడం అనేది ఊళ్లో ఉండేవాళ్లకు శుద్ధ దండగ. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న కారు అయితే వీటిలో ఏదీ కొనక్కర్లేదు, ఫోన్‌లో సిరియస్ఎక్స్ఎం యాప్ సరిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. యూటాలో ఐ-70 మీద గ్రీన్ రివర్, సలైనా మధ్య నూరు మైళ్లకు పైగా పెట్రోలు బంకు కూడా కనిపించదు. అలాంటి దారుల్లో, వెస్ట్ టెక్సస్‌లో, నెవాడాలో ఫోన్ సిగ్నల్ చచ్చిపోయినా శాటిలైట్ పాడుతూనే ఉంటుంది. అటు తరచూ తిరిగేవాళ్లకు ఈ ఖర్చు గిట్టుతుంది.

ముందు ఉన్నదేమిటో చూసుకోండి

డబ్బు పెట్టే ముందు కారులో ట్యూనర్ ఇదివరకే ఉందేమో చూడాలి. పాత ఓనరు చందా మానేసి ఉంటాడు, కొత్త ఓనరు అసలు లేదనుకుంటాడు. ఇలాంటి కార్లు చాలానే ఉన్నాయి. స్టీరియోని సాట్ లేదా ఎక్స్ఎం మోడ్‌లో పెట్టి చానల్ 0కి తిప్పండి. అక్కడ 8 లేదా 12 అక్షరాల రేడియో ఐడీ కనిపిస్తే ట్యూనర్ ఉన్నట్టే, చందా కడితే చాలు. ఐడీ రాసుకునేటప్పుడు ఒక కిటుకు గుర్తుంచుకోండి. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. ‘ఓ’లా కనిపించేది సున్నా, ‘ఎస్’లా కనిపించేది 5. యాక్టివేషన్ ఫెయిలైందని మొత్తుకునేవాళ్లలో కొందరు చేసేది ఈ పొరపాటే.

డీలర్ దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ట్యూనర్ ఉంటే చాలాసార్లు మూడు నెలలు ఉచితంగా వస్తుంది. అమ్మేవాణ్ణి అడగండి, వాడంతట వాడు చెప్పకపోవచ్చు.

సాట్ బటన్ ఉన్నంత మాత్రాన ట్యూనర్ ఉందని కాదు. 2004 నుంచి 2011 మధ్య వచ్చిన చాలా టొయోటాల్లో బటన్ ఉంటుంది, లోపల పెట్టె ఉండదు. కావాలంటే డీలర్ దగ్గర పెట్టించుకోమని కంపెనీ చోటు వదిలిపెట్టింది. బటన్ నొక్కితే ఏమీ జరగకపోతే మీది ఆ రకం. నిరుత్సాహపడక్కర్లేదు, అడాప్టర్ దారికి బాగా అనువైన కారు అదే.

మొదటి దారి: ఎస్ఎక్స్‌వి300, దానికో అడాప్టర్

ఈ రంగంలో బాగా వినిపించే పేరు వైస్ టెక్నాలజీ. జీఎస్ఆర్ సిరీస్‌లో టొయోటా, లెక్సస్, సయన్‌లకు టీవై01, హోండా, అక్యూరాలకు హెచ్ఏ01 అని ఒక్కో తయారీదారుకి ఒక్కో మోడల్ ఉంది. ట్యూనర్ కన్నా అడాప్టర్‌దే ఎక్కువ ఖరీదు, రెండూ కలిపితే 200 డాలర్లు దాటుతుంది. అయినా మేం దీనికే మొదటి ఓటు వేస్తాం. అడాప్టర్ పెట్టాక స్టీరియో దాన్ని కంపెనీ ట్యూనర్ అనుకుంటుంది. సాట్ బటన్ పనిచేస్తుంది, చానల్ పేరు, పాట పేరు ఆ పాత తెర మీదే వస్తాయి, ప్రీసెట్ బటన్లలో చానళ్లు దాచుకోవచ్చు, స్టీరింగ్ మీది బటన్లతో మార్చుకోవచ్చు. డ్యాష్‌బోర్డ్ మీద అదనంగా అతికించింది ఏదీ ఉండదు, వేలాడే వైరు ఒక్కటీ ఉండదు. ధ్వని నేరుగా స్టీరియో లోపలికి వెళ్తుంది కాబట్టి గరగర, కూత ఉండవు. లోటు ఒకటే, పాత తెరలో అక్షరాలకు చోటు తక్కువ. పొడుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి.

కొనేముందు స్టీరియో వెనక సాకెట్ చూడాలి. టొయోటాలో స్టీరియో, సీడీ చేంజర్, శాటిలైట్ ట్యూనర్ మాట్లాడుకునే తీగల వ్యవస్థను ఏవీసీ-ల్యాన్ అంటారు. దాని ప్లగ్గు రెండు సైజుల్లో వచ్చింది. పాతవాటిలో పెద్దది, 5+7 పిన్నులు. తరువాతి వాటిలో చిన్నది, 6+6 పిన్నులు. రెండిటిలోనూ మొత్తం పన్నెండే కాబట్టి ‘12 పిన్ను టొయోటా’ అని రాసి ఉన్నదల్లా మీ కారుకి సరిపోతుందనుకోకండి. కంపెనీ నావిగేషన్ ఉన్న కారైతే అడాప్టర్ తయారీదారు ఇచ్చిన జాబితాలో మీ మోడల్, సంవత్సరం, నావిగేషన్ ఉన్న రకం, మూడూ కలిసి ఉన్నాయో లేదో చూశాకే కొనాలి. ఆ సాకెట్‌కి ఇప్పటికే బయటి సీడీ చేంజర్ తగిలించి ఉంటే రెండిటికీ చోటు కల్పించే వై ఆకారపు కేబుల్ అదనంగా కావాలి.

బిగించే పనికి కావలసిన సామాను తక్కువే. 10 ఎంఎం సాకెట్ రెంచి, ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, జిప్ టైలు, వైర్లకు చుట్టే గుడ్డ టేపు. ఇనప స్క్రూడ్రైవర్‌తో డ్యాష్‌బోర్డ్ పలకలు లేపితే గాటు పడుతుంది, అది జన్మలో పోదు. మంచు కురిసే ఊళ్లలో చలికాలం ఈ పని పెట్టుకుంటే ముందు పది నిమిషాలు హీటర్ వేసి లోపల వెచ్చబరచండి. చలికి బిగుసుకున్న ప్లాస్టిక్ క్లిప్పులు లాగీ లాగగానే విరుగుతాయి.

బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం 90 సెకన్లు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి టొయోటా చెప్పే సమయం అది. డ్యాష్‌బోర్డ్ లోపల పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి వెళ్లొద్దు. హోండా, అక్యూరాల్లో ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ తీసి పెడితే స్టీరియో దొంగతనాన్ని అడ్డుకునే కోడ్ అడుగుతుంది. కోడ్ కార్డు గ్లోవ్ బాక్స్‌లోనో, ఓనర్ మాన్యువల్‌లోనో ఉందేమో ముందే వెతుక్కోండి. లేకపోతే చాలా మోడళ్లలో స్టీరియో ఆపి, 1, 6 ప్రీసెట్ బటన్లు కలిపి నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే సీరియల్ నంబర్ తెర మీద వస్తుంది, దానితో హోండా దగ్గర కోడ్ తీసుకోవచ్చు. ఊహించి కొట్టే పని మాత్రం పెట్టుకోకండి. పదిసార్లు తప్పు కొడితే గంటసేపు తాళం పడుతుంది.

స్టీరియో బయటికి లాగే ముందు ఒక పాత టవల్ గేర్ లివర్ మీద కప్పండి. వెనక ప్లగ్గులు తీసే ముందు ఫొటో తీసుకోండి. అడాప్టర్ తగిలించి, ట్యూనర్ కలిపి, యాంటెన్నాని తాత్కాలికంగా కారు పైకప్పు మీద పెట్టి, పలకలు మూయకముందే బ్యాటరీ ఇచ్చి పరీక్షించాలి. సాట్ మోడ్ రాకపోతే కంగారు పడకండి. స్టీరియో పవర్ అందుకున్న క్షణంలోనే తన తీగల మీద ఎవరెవరున్నారో చూసుకుంటుంది. పవర్ ఉండగా అడాప్టర్ తగిలిస్తే గుర్తుపట్టకపోవచ్చు. మళ్లీ బ్యాటరీ తీసి, అన్నీ తగిలించి ఉంచి, తిరిగి ఇస్తే చాలాసార్లు దారికొస్తుంది.

ట్యూనర్ చిన్నది, గ్లోవ్ బాక్స్ వెనక ఇట్టే ఇముడుతుంది. హీటర్ గాలి వచ్చే గొట్టానికి ఆనించొద్దు, గ్లోవ్ బాక్స్ మూత కదిలే దారిలో పెట్టొద్దు, ఊరికే వదిలేయొద్దు. వెల్క్రోతోనో జిప్ టైతోనో కట్టకపోతే ప్రతి గుంతకీ టకటక కొట్టుకుంటుంది, ఆ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో నెల్లాళ్లు వెతుక్కోవాలి.

రెండో దారి: సొంత తెర ఉన్న రేడియో

ఓనిక్స్ ఈజీఆర్, ఓనిక్స్ ప్లస్, రోడీ బీటీ ఈ రకానివి. డ్యాష్‌బోర్డ్ మీద స్టాండు, దాని మీద చిన్న రేడియో, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి పవర్, పైకప్పు మీద యాంటెన్నా. దేన్నీ ఊడదీయక్కర్లేదు. అద్దె కారుకీ, లీజు కారుకీ ఇదే నయం. అందం సంగతి మాత్రం అడక్కండి. మూడు వైర్లు వేలాడతాయి, ఎంత ఓపికగా దాచినా ఒకటి కనబడుతూనే ఉంటుంది.

పెట్టెలో వచ్చిన పవర్ అడాప్టరే వాడాలి. ఇప్పటి సిరియస్ఎక్స్ఎం డాకులు (రేడియో కూర్చునే స్టాండులు) 5 వోల్టులవి. పాత సిరియస్ రేడియోల పవర్ వైర్లు వేరే వోల్టేజీవి. ప్లగ్గు పట్టింది కదా అని గుచ్చితే రేడియో కాలిపోతుంది. ఈబేలో వైరు లేకుండా రేడియో ఒక్కటే చవగ్గా అమ్ముతుంటే, వైరు ధర కూడా కలుపుకుని లెక్కేసుకోండి.

ఆక్స్ జాక్ ఉన్న కారులో ఓనిక్స్ ఈజీఆర్‌కి వంక పెట్టడం కష్టం. 3.5 ఎంఎం వైరు ఒక్కటి తగిలిస్తే పని అయిపోతుంది. ధ్వని మిగతా వాటికన్నా తక్కువగా వినిపిస్తే స్టీరియో వాల్యూమ్ పెంచకుండా రేడియో మెనూలో ఆడియో లెవల్ పెంచండి. లేదంటే ఎఫ్ఎంకి మారిన మరుక్షణం చెవులు చిల్లులు పడతాయి. ఇక్కడ ఎదురయ్యే అసలు జబ్బు కూత. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నిశ్శబ్దం, యాక్సిలరేటర్ తొక్కితే ‘కుయ్’మని పెరిగే శబ్దం. పవర్ ఒక చోట, ఆడియో ఇంకో చోట గ్రౌండ్ అయి (కారు బాడీకి కలిసి), ఆ రెండిటి మధ్య చిన్న వోల్టేజీ తేడాని స్టీరియో ధ్వనిగా పెంచడం వల్ల వస్తుంది. సిగరెట్ లైటర్ వైరు ఊడదీయగానే కూత ఆగిపోతే రోగం ఇదే. ఆక్స్ వైరు మధ్యలో పది, పదిహేను డాలర్ల గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే పోతుంది. చవక రకం ఐసొలేటర్ బేస్‌ని కొద్దిగా మింగేస్తుంది, అది తెలిసే పెట్టుకోవాలి.

రోడీ బీటీలో బ్లూటూత్ ఉంది, కాబట్టి ఆక్స్ లేకుండా బ్లూటూత్ మాత్రమే ఉన్న కార్లకు పనికొస్తుంది. అయితే చాలా స్టీరియోలు పాట కోసం ఒకేసారి ఒక్క బ్లూటూత్ పరికరాన్నే పట్టించుకుంటాయి. రోడీ ఆ చోటు ఆక్రమిస్తే ఫోన్‌లో మ్యాప్ చెప్పే మాట కారు స్పీకర్లలో రాకపోవచ్చు. రోజూ మ్యాప్ పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇది చిరాకే.

ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్

బ్లూటూత్, ఆక్స్ రెండూ లేని 2000ల మొదటి నాటి కార్లకు ఇదే గతి, అదేమంత చెడ్డ గతి కాదు. 20 డాలర్ల చుట్టూ ఉండే చిన్న పెట్టె. స్టీరియో వెనక యాంటెన్నా ప్లగ్గు ఊడదీసి, దాన్ని పెట్టెలో గుచ్చి, పెట్టె వైరుని స్టీరియోలో గుచ్చాలి. రేడియో పంపే ఎఫ్ఎం సిగ్నల్ గాల్లో తిరగకుండా తీగలోంచే స్టీరియోకి చేరుతుంది. అందుకని పక్క స్టేషన్ దూరడం బాగా తగ్గుతుంది. ధ్వని మామూలు ఎఫ్ఎం స్థాయిలో ఉంటుంది, ఆక్స్ అంత శుభ్రంగా ఉండదు.

చిక్కల్లా ప్లగ్గుల దగ్గరే. డైరెక్ట్ అడాప్టర్ పాత మోటరోలా రకం లావు ప్లగ్గుతో వస్తుంది. టొయోటా, హోండా, నిస్సాన్‌లలో చాలా ఏళ్లుగా వాళ్ల సొంత చిన్న ప్లగ్గులు వాడుతున్నారు. ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూల్లో ఫక్రా అనే ఇంకో రకం ప్లగ్గు. కాబట్టి రెండు మార్పిడి ముక్కలు కావాలి, కారు తీగ నుంచి మోటరోలాకి ఒకటి, మోటరోలా నుంచి స్టీరియోకి ఇంకొకటి. ఒకటే కొని పని మొదలుపెట్టి స్టీరియో ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఫోక్స్‌వాగన్, ఆడీ యాంటెన్నా యాంప్లిఫయర్‌కి కరెంటు అదే తీగలోంచి వెళ్తుంది. మామూలు మార్పిడి ముక్క పెడితే ఆ కరెంటు ఆగిపోయి లోకల్ స్టేషన్లు నీరసపడతాయి. వాటికి పవర్ ఇచ్చే రకం ముక్క అడిగి కొనాలి.

డైరెక్ట్ అడాప్టర్ లేకుండా ఓనిక్స్‌ని ఎఫ్ఎం మీద వినొచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. పవర్‌కనెక్ట్ అనే పద్ధతిలో సిగరెట్ లైటర్ వైరు, కారు కరెంటు తీగలే ట్రాన్స్‌మిటర్‌గా పనిచేస్తాయి. అమెరికాలో లైసెన్సు లేని ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ బలానికి రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన హద్దు 3 మీటర్ల దూరంలో మీటరుకి 250 మైక్రోవోల్టులు. 2006లో ఎక్స్ఎం, సిరియస్ రెండిటి రేడియోల్లో కొన్ని హద్దు దాటుతున్నాయని ఎఫ్‌సీసీ పట్టుకుంది, కొన్ని మోడళ్లను ఆపాల్సి వచ్చింది. అప్పటి రేడియోలు భేషుగ్గా పాడేవని, ఇప్పటివి పీలగా ఉన్నాయని పాతవాళ్లు అనేది ఊరికే కాదు. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాలో ఎఫ్ఎం పట్టీ నిండా స్టేషన్లే. ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరికినా దాని అటూ ఇటూ ఉన్నవి కూడా ఖాళీగా ఉండాలి, లేకపోతే నాలుగు మైళ్లు పోగానే పక్కింటివాడు దూరతాడు. ఊరికి దూరంగా ఉండేవాళ్లకు మాత్రం ఇది పనిచేస్తుంది. ఎక్స్‌టెండర్ యాంటెన్నా అనే చిన్న తీగను కారు ఎఫ్ఎం యాంటెన్నాకి దగ్గరగా అద్దం మీద అతికిస్తే కొంత మెరుగు.

అసలు పని యాంటెన్నాదే

కిట్ ఏదైనా, సగం ఫిర్యాదులకు మూలం యాంటెన్నా పెట్టిన చోటు. ఎస్ఎక్స్‌వి300తో వచ్చేది అగ్గిపెట్టెంత అయస్కాంతపు యాంటెన్నా, వైరు 20 అడుగులకు పైనే ఉంటుంది. దాన్ని ఇనప పైకప్పు మీదే పెట్టాలి. అయస్కాంతం అతుక్కోవడానికి మాత్రమే కాదు, కింద ఉన్న రేకు కూడా యాంటెన్నాలో భాగంగా పనిచేస్తుంది. అంచుల నుంచి కనీసం మూడు అంగుళాలు లోపలికి, లగేజీ ర్యాక్ నుంచి, సన్‌రూఫ్ అద్దం నుంచి కూడా అంతే ఎడంగా ఉండాలి. డ్యాష్‌బోర్డ్ మీద, అద్దం లోపల పెడితే కొంతసేపు పాడి కొంతసేపు మూగబోతుంది. ఎండ వేడిని అడ్డుకునేందుకు లోహపు పూత పూసిన అద్దమైతే అసలే రాదు. అల్యూమినియం పైకప్పు ఉన్న పికప్పుల మీద అయస్కాంతం నిలవదు, వాటికి అతికించే రకం పలక వేరే కావాలి.

సెడాన్‌లో మంచి దారి ఇదీ. యాంటెన్నాని పైకప్పు వెనక భాగంలో, మధ్యన పెట్టండి. పెట్టే చోట దుమ్ము తుడవండి, ఇసుక రేణువు ఉంటే పెయింట్ మీద గీత పడుతుంది. వైరుని వెనక అద్దం రబ్బరు అంచు కిందకి ప్లాస్టిక్ టూల్‌తో దూర్చుకుంటూ అద్దం అడుగు మూల దాకా తీసుకురండి. అక్కణ్నుంచి డిక్కీలోకి. డిక్కీ రబ్బరు దాటే ముందు వైరు చిన్న ‘యు’ ఆకారంలో కిందకి వంగాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి. ఆ వంపు లేకపోతే నీళ్లు వైరు వెంటే లోపలికి పాకి డిక్కీ తివాచీ తడుస్తుంది, కంపు కొట్టేదాకా ఎవరికీ తెలియదు. డిక్కీ నుంచి వెనక సీటు పక్కగా, తలుపుల గడప పలకల కింద, ప్రయాణికుడి వైపు డ్యాష్‌బోర్డ్ దాకా. ముందు అద్దం పక్కనున్న స్తంభాల్లో చాలా కార్లకు పక్క ఎయిర్‌బ్యాగులుంటాయి. వైరు వాటి మీదుగా అడ్డంగా పోకూడదు. అందుకే వెనక దారి పొడుగైనా అదే మేలు.

వైరుని మడత పెట్టినట్టు వంచకండి. లోపలి రాగి తీగ చుట్టూ ఉన్న పొర నలిగితే 2.3 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడే ఆవిరైపోతుంది. మిగిలిన వైరుని కత్తిరించొద్దు. వదులుగా చుట్టి సీటు కింద పెట్టండి, పవర్ వైర్లతో కలిపి బిగించి కట్టొద్దు. ట్యూనర్‌లో యాంటెన్నా ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కాలి. సగం దిగితే తెర మీద ‘చెక్ యాంటెన్నా’ వస్తుంది. ఈ మాట కనిపిస్తే వైరు లేదా ప్లగ్గు లోపం. ‘నో సిగ్నల్’ లేదా ‘అక్వైరింగ్’ అంటే యాంటెన్నా బాగానే ఉంది, ఆకాశం కనబడటం లేదు. ఈ రెండిటికీ తేడా తెలిస్తే సగం రిపేరు మనమే చేసుకోవచ్చు.

సిగ్నల్ తీరు కూడా కాస్త తెలుసుకుంటే మంచిది. ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన ఉంటాయి, కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా అవి దక్షిణం వైపే. సియాటిల్, మినియాపొలిస్ లాంటి ఉత్తరాది ఊళ్లలో అవి ఇంకా కిందకి కనిపిస్తాయి. దక్షిణాన కొండో, ఎత్తైన భవనమో, గుబురు చెట్లో ఉంటే తెగుతుంది. ఎక్స్ఎం వ్యవస్థలో ఒకే కార్యక్రమం రెండు ఉపగ్రహాల నుంచి కొన్ని సెకన్ల తేడాతో వస్తుంది, ట్యూనర్ ఆ తేడాని ఉపయోగించుకుంటుంది. ఫ్లైఓవర్ కింద నుంచి దూసుకుపోతే పాట ఆగదు, అదే చోట సిగ్నల్ లైటు దగ్గర నిలబడితే ఆగిపోతుంది. కారణం ఇదే. పెద్ద నగరాల్లో భవనాల నీడ పూడ్చడానికి భూమ్మీద రిపీటర్లు కూడా పెట్టారు. 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ దాకా వీళ్ల పట్టీ, దానికి రెండు పక్కలా సెల్ కంపెనీలున్నాయి. ప్రతిరోజూ ఒకే టవర్ దగ్గర తెగుతుంటే మీ కిట్‌ని తిట్టుకోవడం అనవసరం. అన్ని చోట్లా తెగుతుంటే మాత్రం డ్యాష్ కెమెరా వైరు ఒకసారి తీసి చూడండి, చవక రకం కెమెరాలు రేడియో గోల పుట్టిస్తాయి.

మన దేశంలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో వాడినవాళ్లు దీన్ని దానితో పోల్చుకుంటారు. స్పందన అనే తెలుగు చానల్‌తో అది 2009 డిసెంబర్ 31న మూతపడింది. అందులో యాంటెన్నాని కిటికీలో ఉపగ్రహం వైపు గురిపెట్టి కదలకుండా ఉంచాలి, ఇక్కడిలా నగరాల్లో రిపీటర్ల దన్ను లేదు, అందుకే అది కారెక్కలేదు. ఆ స్పందన లాంటిది ఇక్కడ దొరుకుతుందనే ఆశ మాత్రం పెట్టుకోకండి. సిరియస్ఎక్స్ఎం ఉపగ్రహ చానళ్లలో తెలుగు లేదు. తెలుగు పాటల కోసమే అయితే ఫోనూ, ఆక్స్ వైరూ చాలు. వార్తలు, ఆటల కామెంటరీ, పాత ఇంగ్లిష్ పాటలు, కామెడీ వినేవాళ్లకే ఇది. ధ్వని నాణ్యత గురించి కూడా గొప్పలు అక్కర్లేదు. బాగా కుదించి పంపుతారు, మాటల చానళ్లు పలచగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి, మంచి స్పీకర్లున్న కారులో అది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

చందా, బిల్లు

యాక్టివేషన్‌కి ముందు కారుని ఆరుబయట, దక్షిణ ఆకాశం కనిపించేలా నిలపండి. గరాజ్‌లో ఉండి వెబ్‌సైట్‌లో ఐడీ కొడితే వాళ్లు పంపే సిగ్నల్ మీ రేడియోకి చేరదు. రేడియో ఆన్‌లో ఉంచి, చానల్ 1 వినబడుతోందో లేదో చూసుకుని, అప్పుడు చందా కట్టండి. పది, పదిహేను నిమిషాలు ఆపకుండా ఉంచితే మిగతా చానళ్లు తెరుచుకుంటాయి. రాకపోతే వెబ్‌సైట్‌లోనే రిఫ్రెష్ సిగ్నల్ మళ్లీ పంపించుకోవచ్చు. కారు నెలల తరబడి ఆపి ఉంచి మళ్లీ తీసినప్పుడు చానళ్లు మాయమైతే మందు ఇదే.

ప్రకటనలో కనిపించే ధరకీ బిల్లుకీ పొంతన ఉండదని ముందే అనుకోండి. మ్యూజిక్ రాయల్టీ ఫీజు పేరుతో సంగీతం ఉన్న ప్లాన్ల మీద 20 శాతానికి పైగా కలుపుతూ వచ్చారు, పైన పన్ను. ఆఫర్ గడువు తీరగానే పూర్తి ధరకి తనంతట తనే మారుతుంది. గడువు తేదీకి వారం ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని మానేస్తామని అడిగితే మళ్లీ తక్కువ ధర ఇవ్వడం మామూలే. మానేయడాన్ని కష్టం చేశారంటూ న్యూయార్క్ అటార్నీ జనరల్ 2023లో కేసు వేస్తే, 2024 నవంబర్‌లో కోర్టు ఆ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని తేల్చింది. కాబట్టి మాటలతో సాగదీస్తే మొహమాటపడక్కర్లేదు.

కారు మార్చే ఆలోచన ఉంటే ఇంకో లెక్క. ఓనిక్స్ రకం రేడియోని స్టాండులోంచి లాగి జేబులో వేసుకుని పోవచ్చు, రెండో కారుకి ఇంకో డాకు కొంటే చందా ఒక్కటే సరిపోతుంది. డ్యాష్‌బోర్డ్ లోపల బిగించిన ఎస్ఎక్స్‌వి300, అడాప్టర్ తీయాలంటే మళ్లీ అంతా విప్పాలి. అడాప్టర్ పాత కారు తయారీదారుకే పనికొస్తుంది, టొయోటా నుంచి హోండాకి మారితే ట్యూనర్, యాంటెన్నా మాత్రమే మిగులుతాయి. వాటిని కారుతోపాటే వదిలేసేటట్టయితే, అమ్మే రోజున ఆ రేడియో ఐడీ మీద ఉన్న చందాని మీ ఖాతాలోంచి తీసేయించండి. లేకపోతే కొన్నవాడు వింటుంటాడు, మీ కార్డు మీద డబ్బు పోతుంటుంది.